గుడ్ల లారీకి అడ్డం

ఇటు జరగండి బిడ్డలారా, ఇంకా దగ్గరికి. ఆ గడప మీద కూర్చున్న పిల్లా, నువ్వు కూడా లోపలికి రా. నా గొంతు ఇప్పుడు అంత దూరం పోవడం లేదు. డ్యూటీ దిగి వచ్చినవాళ్లు గోడకు ఆనుకోండి, కునుకు పడితే తిట్టను. కాలేజీ పిల్లలు మాత్రం కళ్లు తెరుచుకుని వినాలి. పటాన్‌చెరు చుట్టూ ఇన్ని పొగగొట్టాలు లేవని అనుకోండి. ఉన్నవి నాలుగు ఫ్యాక్టరీలు, మిగతాదంతా జొన్నచేలు. ఎమర్జెన్సీ రోజులు. నలుగురు ఒకచోట నిలబడి బీడీ ముట్టించుకున్నా పోలీసు జీపు ఆగే రోజులు. మొగులమ్మ అనే కూలి మనిషి ముచ్చట ఇది.

ఇంద్రేశం పోయే బాటలో బద్రీనాథ్ సేటు కోళ్ల ఫారం ఉండేది. మక్కజొన్నల వ్యాపారం, పల్లిచెక్క వ్యాపారం చేసిన సేటుకు గుడ్ల మీద కన్ను పడింది. రేగడి చేను కొని పొడుగాటి షెడ్లు వేయించాడు. షెడ్ల నిండా వడ్ల పొట్టు పరిచి తెల్ల కోళ్లను వదిలాడు. పక్కనే పనివాళ్లకు రేకుల గుడిసెల వరస. దాన్ని అందరూ 'లైను' అనేవాళ్లు. మొగులమ్మ, ఆమె పెనిమిటి పెద్దరాములు, వాళ్ల బిడ్డ బాలమణి ఆ లైనులోనే ఉండేవాళ్లు. ఫారం పని పోతే గుడిసె కూడా పోతుంది. అందుకే లైనులో ఎవరూ గట్టిగా దగ్గేవాళ్లు కూడా కాదు.

కూలి పెంచమని ఎవరైనా నసిగితే సేటు నవ్వేవాడు. "పగిలిన గుడ్లన్నీ మీవే గదా, ఇంకేం గావాలె?" అనేవాడు. పొద్దుగూకే వేళకు మేస్త్రీ నర్సింలు పగులు గుడ్లను మనిషికిన్ని అని పంచేవాడు. తల్లులు వాటిని పొయ్యి దాకా కూడా పోనిచ్చేవాళ్లు కాదు. పచ్చి గుడ్డులో బలం ఎక్కువని నమ్మకం. పిల్లల నోరు తెరిపించి గుటుక్కుమని పోసేవాళ్లు. బాలమణి బక్కపిల్ల. మొగులమ్మ తన వంతు కూడా ఆ పిల్లకే పోసేది. తన వంతే కాదు, శివమ్మ వంతు కూడా.

శివమ్మ ఎవరంటే, లైను చివరి గుడిసెలో ముసలి మామ సంగప్పతో ఉండే విధవరాలు. మెడలో లింగకాయ కట్టుకునే ఇల్లు. మాంసం ముట్టరు, గుడ్డు ముట్టరు. భూమి పోయి, మొగుడు పోయి, గతిలేక కోళ్ల ఫారంలో పొట్టు ఊడుస్తోంది. తన వంతు గుడ్లు రోజూ మొగులమ్మ చాటలో పెట్టి పోయేది.

ఆ ఏడు ముసురు వదల్లేదు. దాణా కొట్టంలోకి నీళ్లు దిగి చేపలపొడి బస్తాలు పురుగు పట్టాయి. ఆ కంపుకు కళ్లు మండేవి. అదే దాణా మక్కల్లో కలిపి పోయమన్నాడు మేస్త్రీ. కోళ్లు తెల్లగా బేదులు పెట్టి, మెడలు వాల్చి చావడం మొదలుపెట్టాయి. చేపలపొడి చాలడం లేదని మేస్త్రీకి ఇంకో ఉపాయం తట్టింది. చచ్చిన కోళ్లను పొయ్యి మీద రేకులు పెట్టి ఎండబెట్టి, దంచి, దాణాలో కలపాలట.

రోకలి శివమ్మ చేతికిచ్చాడు. ఆమె దాన్ని గోడకు ఆనించింది.

"నేను దంచ, మేస్త్రీ. సచ్చిన కోడిని బతికున్న కోడికి వెడ్తమా? గుంత తీసి పూడ్చిపెడ్త గని గీ పని నాతోటి గాదు."

"అబ్బో! కోడి పెంట ఎత్తుకుంట బతికేదానికి నియమాలా?"

"పెంట ఎత్తుడు పని. గిది పాపం."

 నర్సింలు సుతిలి తాడుతో ఒక చచ్చిన కోడి కాళ్లు కట్టి, ఆమె మెడలో వేశాడు. లింగకాయ మీద ఆ కోడి తల వేలాడుతోంది. "నడువ్," అన్నాడు. ఒక షెడ్డు చివరి నుంచి ఇంకో షెడ్డు చివరి దాకా ఆమెను నడిపించాడు. గుడ్లు ఏరుతున్న ఆడవాళ్లు చూశారు. బస్తాలు మోస్తున్న మగవాళ్లు చూశారు. పెద్దరాములు మబ్బుల వైపు చూశాడు. మొగులమ్మ తలవంచి గంపలో గడ్డి సర్దుతూ కూర్చుంది, సర్దిన గడ్డినే మళ్లీ సర్దింది. 

ఆ సాయంత్రం శివమ్మ ఎప్పటిలాగే వచ్చింది. కొంగులో పగులు గుడ్లు. "పోరికి పొయ్యి, మొగులక్క," అని చాటలో పెట్టి వెళ్లిపోయింది. తిట్టలేదు, ఏడవలేదు, ఎందుకు ఊరుకున్నావని అడగలేదు. ఆమె తిట్టి పోయినా బాగుండును అనుకుంది మొగులమ్మ. 

తర్వాత లైనులోకి రోగం దిగింది. ఒకే గుడిసెలో ముగ్గురు పడ్డారు. పక్క గుడిసె, దాని పక్క గుడిసె. కక్కుళ్లు, బేదులు, పట్టుకుంటే కాలిపోయే జ్వరం. మధ్య గుడిసెలో పాలు మరువని పసివాడు కళ్లు తేలేసి పోయాడు. "గత్తర వచ్చింది," అన్నారు, కలరాను అలాగే అనేవాళ్లు. వేపమండలు కట్టారు. పోచమ్మకు మొక్కారు. బాలమణి మూడు పూటల్లో చెరుకు పిప్పిలా అయిపోయింది. పిలిస్తే పలకదు. పెదవులు తడిపితే మింగదు.

గత్తర అనుకున్నంతసేపు అదొక భయం. అప్పుడు ఎవరో అన్నారు: "గత్తరయితె శివమ్మ ఇంటికెందుకు రాలే?"

అంతే. ఆ మాట గుడిసె గుడిసెకూ పాకింది. మన దిక్కున బాణామతి అంటే, ఆ చేతబడి అంటే ఏమిటో మీకు తెలియదు, తెలియకపోవడమే మంచిది. కడుపులో నొప్పి వస్తే బాణామతి, ఆవు పాలివ్వకపోతే బాణామతి. చేసినవాళ్లని అనుమానం వస్తే పళ్లు పీకేవాళ్లు. పళ్లు లేని నోట మంత్రం పలకదని వాళ్ల నమ్మకం. పీకించుకున్నవాళ్లలో కొందరు నెత్తురు ఆగక చచ్చిపోయారు కూడా.

మొగులమ్మ బిడ్డ పక్కన కూర్చుంది. కళ్లు మూస్తే శివమ్మ మెడలో కోడి కనిపిస్తోంది. ఆ మెడ కింద చెయ్యి, ఆ చేతిలో గుడ్లు. అన్యాయం చూసి నోరు మూసుకున్నవాళ్లకు ఆ అన్యాయం పడ్డ మనిషే భయంగా కనిపిస్తుంది, చూడండి. కొట్టినవాడి మీద అంత భయం వేయదు.

"ఆమె చేతి గుడ్లే తాగింది మన పోరి," అంది పెనిమిటితో.

"ఊకో. గా మాట బయట అనకు."

"గంత అవమానమైనంక మనసుల వెట్టుకోదా? మనం సూసుకుంట నిలవడ్డం గద. మనమీద కసి ఉండదా?"

 రేకు గోడకు చెవులుంటాయి. పొద్దు నడినెత్తికి రాకముందే ఆ మాట నర్సింలు దాకా పోయింది. అతని మొహం వెలిగింది. మూడు రోజుల నుంచి జనం దాణా కొట్టం వైపు చూసి గొణుక్కుంటున్నారు మరి. ఇప్పుడు చూపు తిప్పే దారి దొరికింది.

దాణా కొట్టం ముందర అందరూ పోగయ్యారు. నిలబడగలిగినవాళ్లు నిలబడ్డారు, లేనివాళ్లు గోడకు చేరబడ్డారు. శివమ్మను చేతులు పట్టి తెచ్చి మధ్యలో కూలేశారు. సంగప్ప చూపు సరిగా ఆనక గాలిలో చేతులాడిస్తూ, "నా కోడలు గసొంటిది గాదు, మీ కాల్మొక్కుత, గసొంటిది గాదు," అని కనబడ్డ ప్రతి నీడకూ దండం పెడుతున్నాడు.

నర్సింలు కొట్టంలోంచి తీగలు తెంపే పట్టకారు తెచ్చాడు. మొగులమ్మ ముందుకు చాచాడు.

"నీ పోరే సావుబతుకుల ఉన్నది. నువ్వే వట్టు. పండ్లు ఊడితె మంత్రం దిగుతది. జల్దీ!"

మొగులమ్మ తీసుకుంది. ఇనుము చల్లగా ఉంది.  ఇద్దరు మగవాళ్లు శివమ్మ తల వెనక్కి వంచారు.

శివమ్మ పెనుగులాడలేదు. కింద నుంచి మొగులమ్మ కళ్లలోకి చూసింది.

"పీకు, మొగులక్క. పీకితె బాలమణి లేస్తదంటె అన్ని పీకు. గని ఒక్కటి సెప్పి పీకు. నా ఇంట్ల రోగం రాలేదనే గద మీ అనుమానం? మేస్త్రీ ఇంట్ల ఎవ్వలకు వచ్చింది? సేటు ఇంట్ల ఎవ్వలకు వచ్చింది? ఆళ్ల పండ్లెప్పుడు పీకుతరు?"

ఎవరో నవ్వారు. భయానికి వచ్చిన నవ్వు. అది వెంటనే తెగిపోయింది. పెద్దమ్మ అని అందరికంటే ముసలిది, రోగంతో గోడకు చేరబడి ఉంది. ఆమె మెల్లగా నోరు విప్పింది.

"నిజమే గదనే. మేస్త్రీ పెండ్లాం మన గుడ్డు ముట్టదు. నాటుకోడి గుడ్లు గావాల్నని నా కోడలిని ఊర్లకు తోలుతది."

"నేనడిగిన," అంది ఇంకో ఆమె. "గిన్ని గుడ్లు ఈడ ఉండంగ ఊర్లకెందుకమ్మా అంటె, ఆయన తినొద్దన్నడు అన్నది."

జనం నర్సింలు వైపు తిరిగారు.

"అరె, ఫారం గుడ్డు నాకు వేడి జేస్తది," అన్నాడు అతను.

"నాటుగుడ్డు సల్వ జేస్తదా, మేస్త్రీ?" అంది పెద్దమ్మ.

ఈసారి నవ్వు తెగలేదు. శివమ్మ తల పట్టుకున్నవాళ్ల చేతులు సడలాయి. ఒక్కొక్కరికీ ఒక్కొక్కటి గుర్తుకు వస్తోంది. మా ఆయన చెల్లె ఇంటికి సంగారెడ్డి పోయి మంచిగనే వచ్చిండు, వచ్చిన పొద్దుగూకే గుడ్లు తాగిండు, తెల్లారి పడ్డడు అని ఒకామె. మా పెద్దోడు గుడ్డు ముట్టడు, వాడొక్కడే లేచి తిరుగుతున్నడు అని ఇంకొకామె. పెద్దరాములు తల గోక్కున్నాడు. "నాకు నీసు వాసన వడదు. నాకేం గాలే." పొంగిన దాణా, మెడలు వాల్చిన కోళ్లు, పెంట అంటిన గుడ్లను ఒకే బకెట్ నీళ్లలో ఒకే గుడ్డతో తుడవమన్న పని, అన్నీ ఒకరి నోట మొదలై ఇంకొకరి నోట పూర్తవుతున్నాయి. చదువుకున్నవాళ్లు అక్కడ ఒక్కరూ లేరు. అందరూ కలిసి ఒక్క బుర్రతో ఆలోచించినట్టు ఆలోచించారు.

మొగులమ్మ చేతిలోంచి పట్టకారు జారింది. "అయితే... నా పోరి నోట్లె పోసింది నేనేనా?"

"నువ్వు పోసినవ్, నేను ఇచ్చిన," అంది శివమ్మ లేచి నిలబడుతూ. "మనిద్దరికీ ఇచ్చినోడు గీడ నిలవడ్డడు సూడు."

నర్సింలు అప్పటికే గేటు వైపు అడుగులు వేస్తున్నాడు. గేటు అవతల హారన్ మోగింది. పట్నం పోయే గుడ్ల లారీ వచ్చింది. దాని వెనకే సేటు కారు.

సేటు దిగాడు. జనాన్ని చూశాడు, మొహాలు చదివాడు. అతను అరిచే మనిషి కాదు. మొగులమ్మ దగ్గరికే నేరుగా వచ్చాడు.

"నీ బిడ్డ సంగతి తెలిసింది, మొగులమ్మా. పరేషాన్ గావొద్దు. నా కారు ఇస్త. సంగారెడ్డి పెద్ద దవాఖానకు ఇప్పుడే పోవచ్చు. నువ్వు జెర వీళ్లకు చెప్పు. గంపలు ఎక్కించమను. లారీ కదిలితె కారు కదులుతది."

కారు నల్లగా నిగనిగలాడుతోంది. గుడిసెలో బిడ్డ ఊపిరి పైపైన ఆడుతోంది.  మొగులమ్మ వంగి ఒక గంప ఎత్తింది. గడ్డిలో తెల్లటి గుడ్లు, అందంగా, ఏ మచ్చా లేకుండా. లారీ వైపు నడిచింది. ఎవరూ ఆమెను ఆపలేదు. ఆపే నోరు ఎవరికి ఉంది? ఇందాక ఆమె చేతికి పట్టకారు వచ్చినప్పుడు కూడా ఎవరూ ఆపలేదు.

లారీ దగ్గర ఆగింది. డ్రైవర్‌ను అడిగింది. "అన్నా, గివి ఏడికి పోతయి?"

"పట్నంల హాస్టళ్లకమ్మా. సదువుకునే పోరగాండ్లకు."

మొగులమ్మ వెనక్కి తిరిగింది. "సేటూ, నా పోరి దవాఖానకు పోవాల్నంటె గివి ఎవ్వలో కన్న పోరగాండ్లు తినాల్నా?"

"అవన్నీ నీకెందుకు? నీ బిడ్డను నువ్వు చూసుకో."

  ఆమె గంపను తీసుకుపోయి లారీ ముందు చక్రానికి ఆనించి పెట్టింది. దాని పక్కన చతికిలబడింది. నిలబడే బలం లేక కూర్చుందో, లారీని ఆపాలని కూర్చుందో, ఆ క్షణంలో ఆమెకే తెలియదు. కానీ కూర్చుంది.

శివమ్మ పరుగెత్తి గుడిసెలోకి పోయింది. బాలమణిని పాత చీరలో చుట్టి భుజాన వేసుకుని వచ్చింది. "నువ్వు గీడ ఉండు, మొగులక్క. పోరిని నేను తీస్కపోత. రోడ్డు మీద ఏదో ఒక బండి ఆపుత."

ఎవరి పళ్లు పీకబోయిందో ఆ మనిషి చేతుల్లో ఇప్పుడు తన బిడ్డ ఉంది. మొగులమ్మ బిడ్డ పాదం ఒకసారి నిమిరింది. అది చల్లగా ఉంది. "పో," అంది. శివమ్మ, ఆమె వెంట పెద్దరాములు, బురదలో పడుతూ లేస్తూ బొంబాయి రోడ్డు వైపు పరుగెత్తారు.

అప్పుడు పెద్దమ్మ గోడ పట్టుకుని లేచింది. కొట్టం లోపలి నుంచి ఒక గంపను కాళ్లతో నెట్టుకుంటూ, ఆయాసపడుతూ, తెచ్చి రెండో చక్రం ముందు పెట్టి దాని మీద వాలింది. తర్వాత ఇంకొకామె. తర్వాత మగవాళ్లు. బేదులతో నీరసించిన మనుషులు, జ్వరంతో కళ్లు ఎర్రబడ్డ మనుషులు, లారీ చుట్టూ గంపలు, గంపల చుట్టూ మనుషులు.

"ఎమర్జెన్సీ ఉన్నది, ఎరుకనా మీకు?" అన్నాడు సేటు. మొదటిసారి అతని గొంతు పైకి లేచింది. "లోపలేస్తె జమానతు కూడా దొరకది."

"పాడు దాణా గుంతల వెయ్యి, సేటూ," అన్నారు వాళ్లు. ఒకరు అన్న మాటను అందరూ అందుకున్నారు. "దాణా పూడ్చు! రోగపు గుడ్లు పూడ్చు! మా పిల్లలకు దవాఖాన సూపియ్యి!"

సేటు కబురు మీద పోలీసు జీపు వచ్చింది. దాని చప్పుడు వినగానే సగం మంది వణికిపోయారు. మొగులమ్మకు భయంతో చీర తడిసింది. లేచి పరుగెత్తాలని ఉంది. పక్కన పెద్దమ్మ ఆమె కొంగు పట్టుకుని ఉంది. పెద్దమ్మ చెయ్యి కూడా వణుకుతోంది. ఒక వణుకు ఇంకో వణుకును పట్టుకుని కూర్చుంది.

ఇన్‌స్పెక్టర్ లాఠీతో గంపను తట్టాడు. "ఎవరే మీ లీడర్?"

"బేదులు వట్టినోళ్లకు లీడర్ ఏంది సారూ? ఎవ్వలకు ఎక్కువైతె ఆళ్లే ముంగట ఉరుకుతరు," అంది పెద్దమ్మ.

ఒక కానిస్టేబుల్ నవ్వు ఆపుకోలేక మొహం తిప్పుకున్నాడు. తర్వాత లాఠీలు లేచాయి. జ్వరం మనుషుల వీపుల మీద, గంపల మీద. గుడ్లు చిట్లి వాకిలంతా పచ్చగా పారింది. జుట్టు పట్టి ఈడ్చితే మొగులమ్మ చక్రాన్ని కరుచుకుంది. వేళ్లు విడదీసి ఆమెను, పెద్దమ్మను, ఇంకా దొరికినవాళ్లను జీపులో కుక్కారు. లారీ మాత్రం ఆ పొద్దు పట్నానికి ఒక్క గుడ్డు కూడా తీసుకుపోలేదు.

ఠాణా గదిలో మొగులమ్మ గోడకు తల ఆనించి కూర్చుంది. వచ్చిన ప్రతి పోలీసునూ అడిగింది, "నా పోరి ఉన్నదా సారూ?"  తెల్లవారాక ఠాణా గేటు దగ్గర గలాటా వినబడింది. కిటికీ ఊచలు పట్టుకుని లేచింది. గేటు అవతల శివమ్మ. ఆమె రవికె మీద బిడ్డ కక్కుడు మరకలు ఎండిపోయి ఉన్నాయి.

మొగులమ్మ ఆ మరకల వైపే చూసింది. 

"ఉన్నదక్కా!" అని అరిచింది శివమ్మ. "సెలైన్ వెట్టిన్రు. తెల్లారంగ కండ్లు తెరిసి నీళ్లడిగింది. షిఫ్టు బస్సుకు అడ్డం పండుకున్నం. డ్యూటీ పోతె పోనీ అని దాంట్లున్న కార్మికులు బస్సునే దవాఖానకు మళ్లేసిన్రు!"

మొగులమ్మ ఊచల మీద నుదురు పెట్టి ఏడ్చింది.

"దాణా సంగతి, గుడ్ల సంగతి జెప్పి డాక్టర్ను అడిగిన. మంత్రం గాదు తంత్రం గాదు. సాల్మొనెల్లా అనే పురుగంట, కంటికి గానరాదంట. పాడైన దాణాల ఉంటదంట. దాణాల కెల్లి కోడిలకు, కోడిల కెల్లి గుడ్డులకు. పచ్చిగ తాగితె మనలకు!"

"ఏయ్, నడువ్ ఇక్కడి నుంచి," అని జవాను ఆమెను నెట్టాడు. ఆమె కదలలేదు. కదలడానికి వెనక చోటు లేదు. అప్పుడు చూసింది మొగులమ్మ. శివమ్మ వెనక మనుషులు, రాత్రికి రాత్రే షిఫ్టు బస్సుల మీద మాట అంది వచ్చినవాళ్లు, ఎన్నడూ చూడని మొహాలు. గడ్డపోతారం వైపు ఫారాల నుంచి వచ్చిన ఆడవాళ్లు, బొల్లారం వైపు నుంచి వచ్చినవాళ్లు, షిఫ్టు బస్సు దిగిన ఖాకీ నిక్కర్ల కార్మికులు. ఒక ముసలామె అందరినీ తోసుకుని ముందుకు వచ్చి కొంగు ముడి విప్పింది. లోపల పిడికెడు నల్లబడ్డ దాణా.

"మా ఫారంల గూడ గిదే, సారూ," అంది ఆమె జవానుతో. "మా మనుమడు పోయిండు. బాణామతి అన్నరు. ఒకామెను ఊరెళ్లగొట్టినం. ఇప్పుడు ఎవ్వలనడగాల్నో తెల్సింది."

ఆమె పక్కన ఇంకో కొంగు విప్పుకుంది. తర్వాత ఇంకొకటి.

"గేటు మూయండి!" అని లోపలి నుంచి ఇన్‌స్పెక్టర్ కేక వేశాడు. ఇద్దరు జవాన్లు రెక్కలు నెట్టారు. అవతల నుంచి అంతమంది చేతులు పడ్డాయి. గేటు మూతపడలేదు.

ఇదీ బిడ్డలారా జరిగింది. దీన్ని ఇక్కడే వదిలిపోవద్దు, మీ వెంట తీసుకుపోండి. మీ షిఫ్టు బస్సులో పక్కవాడికి చెప్పండి, హాస్టల్లో కంచం ముందు కూర్చున్నప్పుడు చెప్పండి. చెప్పేటప్పుడు వాళ్లను పులుల్లా చేయకండి. వణికారని చెప్పండి, ముందు తమ మనిషి మీదికే పోయారని కూడా దాచకుండా చెప్పండి. నేను మరిచిపోయే లోపల మీలో ఒక్కరికైనా ఇది నోటికి రావాలి. ఏదీ, ఆ గడప దగ్గరి పిల్లా, నువ్వు చెప్పు చూద్దాం, మొదటి నుంచి.